కదలని వరుస

మూడో విడత మొదలయ్యేసరికి హాలిస్‌కి దవడలు నొప్పెట్టడం మొదలైంది. నవ్వీ నవ్వీ వచ్చిన నొప్పి. గడియారం ఇంట్లో ఆగస్టు నెలంటే అంతే, పొద్దున లేచింది మొదలు పొద్దుగూకేదాకా మొహం మీంచి నవ్వు దించడానికి వీల్లేదు. ఆ ఇంటి అసలు పేరు మూడు గ్రీకు అక్షరాలు. వరండా పైనున్న పెద్ద గడియారం వల్ల ఊరందరికీ అది గడియారం ఇల్లే. ఆ గడియారం తిరగడం మానేసి చాలాకాలమైంది. అయినా ఆ ఇంటి పిల్లలు బజార్లో నడుస్తుంటే చూడాలి, టైము వాళ్ళని అడిగి కదులుతోందన్నట్టుంటారు.

వీధి పొడుగునా అలాంటి ఇళ్ళే, సొరోరిటీలని పిలిచే ఆడపిల్లల సంఘాలవి. యూనివర్సిటీలో కొత్తగా చేరిన ఆడపిల్లలు అలబామా ఎండలో చెమటలు కక్కుకుంటూ ఒక్కో ఇంటికీ వస్తారు. ఇంటివాళ్ళు కూర్చోబెట్టి మాట్లాడతారు, వాళ్ళు వెళ్ళగానే మార్కులేస్తారు, మర్నాడు ఎవరిని మళ్ళీ పిలవాలో ఎవరిని వదిలెయ్యాలో తేలుస్తారు. ఆ పిల్లలూ తక్కువ తినలేదు, ఏ ఇల్లు ముందు ఏ ఇల్లు వెనక అని వాళ్ళూ రాసిస్తారు. రెండువైపుల రాతల్నీ, ఇళ్ళన్నిటి మీదా అజమాయిషీ చేసే కౌన్సిల్ ఆఫీసులో కంప్యూటర్ కలుపుతుంది. విడత విడతకీ పిలుపులు తగ్గుతాయి. చివరి విడతకి ఏ పిల్లయినా రెండిళ్ళకి మించి వెళ్ళే వీల్లేదు. అది కూడా అయ్యాక ఏదో ఒక ఇల్లు ఆ పిల్లని మాది అంటుంది, లేదా ఎవరూ అనరు.

ఆ పిలుపుల జాబితా తయారుచేసే పని ఈ ఏడు హాలిస్ టార్వర్ నెత్తిన పడింది. పడింది అని తనంటుంది గానీ, దానికోసం నిరుడంతా ఎంతమందిని కాకా పట్టిందో ఇంట్లో అందరికీ తెలుసు.

"ఏమే, దవడకి ఐసు పెట్టుకో, లేకపోతే ఫోటోలో పళ్ళు నొప్పి దానిలా పడతావు," అంది మేమీ. ఇద్దరిదీ ఒకటే గది, ఒకటే లేత పసుపు గౌను. ఆ రోజు ఇంట్లో అందరిదీ అదే గౌను.

"నీ మొహం. ముందు నీ చెమట తుడుచుకో."

తలుపులు తెరుచుకున్నాయి. పాట, చప్పట్లు, గోల. గుమ్మం బయట వరసగా నిలబడ్డ పిల్లల్ని ఒక్కొక్కరినీ ఒక్కొక్కరు చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చారు. అక్కణ్ణించి అంతా లెక్కప్రకారం నడిచే వ్యవహారం. ఇంటి అమ్మాయి ఒకతె అతిథితో కాసేపు మాట్లాడుతుంది. వెనకనించి ఇంకొకమ్మాయి వచ్చి ఆమె మోచేతిమీద రెండు వేళ్ళతో తడుతుంది. తట్టగానే, మాట సగంలో ఉన్నా సరే, నవ్వుతూ లేచిపోవాలి. అలా ఎంత ఎక్కువమంది వచ్చి మాట్లాడితే అన్ని ఎక్కువ మార్కుల చీట్లు ఆ పిల్ల ఖాతాలో పడతాయి. ఎవరి దగ్గరికి ఎవరు వెళ్ళాలో ముందే గీసిన పటం ఒకటుంటుంది. పెద్దింటి పిల్లలు మెట్ల దగ్గరా, పియానో దగ్గరా. వెనక తలుపు పక్కనున్న బెంచీ మాత్రం, ఇంటి పూర్వ విద్యార్థినుల దగ్గరనించి సిఫార్సు ఉత్తరం తెచ్చుకోలేని వాళ్ళకి.

హాలిస్ ఆ బెంచీ వైపు చూసింది. నీలం గౌను వేసుకున్న పిల్ల ఒకతె కూర్చుని ఉంది. ఆమెతో మాట్లాడమని కూర్చోబెట్టిన జూనియర్‌కి మాటలు అయిపోయినట్టున్నాయి, ఎవరైనా వచ్చి తడితే బాగుండునని దిక్కులు చూస్తోంది. ఎవరూ వెళ్ళలేదు. వెళ్ళమని పటంలో లేదు. హాలిస్‌కి ఒళ్ళు మండింది. ఒక మనిషిని ఇంటికి పిలిచి ఇలా ఎలా కూర్చోబెడతారు? తన స్థానం వదిలి వెళ్ళి ఆ జూనియర్ మోచెయ్యి తట్టింది.

"నేను హాలిస్‌ని. నీ పేరు టాన్సీ విగ్లీ కదూ. ఏ ఊరు మీది?"

"ఊరు అనలేమండీ. ఓ చర్చి, ఓ పెట్రోలు బంకు, మా కోళ్ళ షెడ్లు. కోళ్ళని కూడా జనాభాలో కలిపితే పెద్ద ఊరే."

హాలిస్ నవ్వింది. మూడు రోజుల్లో దవడ నొప్పి తెలియకుండా వచ్చిన మొదటి నవ్వు అది.

"నవ్వుతున్నారా? మొన్న ఏప్రిల్‌లో గాలివాన మా షెడ్డు కప్పు ఎత్తుకుపోయింది. నేనూ మా నాన్నా రెండ్రోజులు కోళ్ళని ఏరుకున్నాం. చెట్ల మీద, ట్రక్కుల కింద, ఎక్కడ పడితే అక్కడ. ఆదివారం చర్చిలో పాస్టరుగారు తల వంచి, ప్రభువా మా మొర ఆలకించు అన్నారా, పైన పాటలవాళ్ళు నిలబడే అటక మీంచి ఒకటి కూసింది. మా నాన్న లేచి నిలబడి, అయ్యగారూ క్షమించాలి, అది మాదే అన్నాడు."

పక్క సోఫాలో వాళ్ళు కూడా తిరిగి చూశారు. మేమీ పటం గిటం వదిలేసి వచ్చి బెంచీ చివర కూలబడింది. ఇంకొకమ్మాయి వచ్చి నిలబడింది. టాన్సీ చేతులు తిప్పుతూ, పాస్టరుగారి గొంతు ఒకసారి, కోడి గొంతు ఒకసారి అనుకరిస్తూ చెప్పుకుపోతోంది. మధ్యలో, "మీకు ఇంకెవరితోనైనా మాట్లాడాలేమో, వెళ్ళండి, నేనేం అనుకోను," అంది హాలిస్‌తో. "నాకు మటుకు తొందర లేదు. నా కాగితం మీద మిగిలింది మీ ఇల్లొక్కటే."

"మిగతావాళ్ళు?"

"వదిలేశారండీ," అంది టాన్సీ, బస్సు వెళ్ళిపోయిందన్నంత మామూలుగా.

ఈ సాయంత్రం గడియారం ఇల్లు కూడా పిలవకపోతే ఈ పిల్లకి రేపు వెళ్ళడానికి గుమ్మమంటూ ఉండదు. హాస్టల్ గదిలో కూర్చుని, మిగతావాళ్ళు గౌన్లు వేసుకుని బయల్దేరుతుంటే చూడాలి.

అతిథులు వెళ్ళగానే అందరూ ఫోన్లు తీసి మార్కులు వేశారు. టాన్సీతో మాట్లాడిన ప్రతివాళ్ళూ అయిదుకి అయిదే వేశారు. హాలిస్ కూడా అయిదే వేసి, కింద రాయాల్సిన చోట "ఈ అమ్మాయి మనకి కావాలి" అని రాసింది.

సాయంత్రం ఆఖరి బృందంలో సట్టన్ వచ్చింది. సట్టన్‌ని మెట్ల దగ్గరే కూర్చోబెట్టాలి, అది ఆజ్ఞ. ఎందుకంటే మెట్ల గోడమీద ఆ ఇంటి పాత ప్రెసిడెంట్ల ఫోటోలుంటాయి. వాటిలో సట్టన్ అమ్మమ్మ ఒకరు, అమ్మ ఒకరు. అమ్మమ్మ మరెవరో కాదు, ఇంటికి సలహాదారుగా ఉంటూ, జాబితా మీద ఆఖరి మాట తనదిగా చెలాయించే మిస్ వర్డీ. ఆ ప్రాంతంలో పెద్దావిడల్ని మనవలొచ్చాక కూడా మిస్ అనే పిలుస్తారు. మనవరాలితో మాట్లాడే పని హాలిస్‌కి స్వయంగా ఆవిడే అప్పగించింది.

"నువ్వయితే బాగా మాట్లాడతావు తల్లీ. మా సట్టన్‌కి కాస్త సిగ్గు," అంది.

సిగ్గు కాదు. ఆ పిల్ల కూర్చున్న దగ్గర్నించి ఫోటోల వైపు వీపు పెట్టుకుని చేతిలోని నిమ్మరసం గ్లాసు తిప్పుతూ ఉంది. హాలిస్ అడిగిన ప్రతిదానికీ మర్యాదగా జవాబు చెప్పింది. అలా కాసేపయ్యాక గొంతు తగ్గించి, "మీరే కదా జాబితా చేసేది?" అంది.

"నేనొక్కదాన్నే కాదు. ఎందుకు?"

"నన్ను తీసెయ్యండి, ప్లీజ్."

హాలిస్ మొహం మీద నవ్వు అలాగే ఉంచింది. పియానో దగ్గరనించి మిస్ వర్డీ ఇటే చూస్తోంది మరి.

"ఎక్కడికి వెళ్ళినా వర్డీగారి మనవరాలివా అంటారు," అంది సట్టన్. "ఎదురుగా ఆ ఆకుపచ్చ తలుపు ఇంట్లో మొన్న గంటసేపు కూర్చున్నాను. ఎవరూ అనలేదు. నువ్వేం చదువుతున్నావు, నీకేం ఇష్టం, అవే అడిగారు. నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను."

"అమ్మమ్మకి చెప్పొచ్చుగా?"

"అమ్మమ్మకా? నేను పుట్టినప్పుడు ఉయ్యాలకి ఈ ఇంటి రిబ్బను కట్టింది. ఆవిడ మొహం చూస్తూ ఎలా చెప్తాను? మీరు ఎవరికీ చెప్పనని మాటివ్వండి. చీటీలో మాత్రం మీ ఇల్లు ఆఖర్న రాస్తాను. నాకింకో రెండిళ్ళు మిగిలున్నాయి. ఆ రెండూ పిలిస్తే నాకు చాలు. ఒక్కటి పిలవకపోయినా మళ్ళీ మీ గుమ్మమే."

"నిన్ను తీసెయ్యడం నా చేతిలో లేదమ్మా. నిన్ను తీస్తే ముందు నన్ను తీసేస్తారు," అంది హాలిస్. "కానీ ఈ మాట నా నోటినించి బయటికి రాదు. ఒట్టు."

వెనకనించి ఎవరో మోచెయ్యి తట్టారు. హాలిస్ నవ్వుతూ లేచింది.

భోజనాల గదిలో టేబుళ్ళు ఒక పక్కకి జరిపి అందరూ నేలమీద కూర్చున్నారు. కాళ్ళు బొబ్బలెక్కి ఒకతె, చెప్పులు ఒళ్ళో పెట్టుకుని ఒకతె, చీజు శాండ్‌విచ్ నములుతూ ఒకతె. కిటికీల్లోంచి ఎర్రటి ఎండ ఇంకా గది మధ్యదాకా వస్తోంది. చీకటి పడేలోగా జాబితా కౌన్సిల్‌కి చేరాలి, ఆ తర్వాత వాళ్ళ సైటు తాళం వేసుకుంటుంది. ప్రెసిడెంటు బ్లైత్ గోడమీద తెర దింపింది. హాలిస్ ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. ఎంతమందిని పిలవచ్చో ఆ లెక్క కౌన్సిల్ నించి అప్పుడే వచ్చింది, అనుకున్నదానికన్నా తక్కువ. గదిలో ఒక నిట్టూర్పు లేచింది.

పేర్లు మార్కుల వరసలో తెరమీదికి వచ్చాయి. పైనున్న వాళ్ళ గురించి ఎవరికీ తగవు లేదు. అడుగుకి వచ్చేసరికి, పిలుపులకీ వదిలింపులకీ మధ్య ఎర్ర గీత దగ్గర, గీతకి సరిగ్గా పైన సట్టన్, సరిగ్గా కింద టాన్సీ.

అసలు మాట్లాడిన వాళ్ళు వేసిన మార్కులే చూస్తే టాన్సీ ఎక్కడో పైన ఉండాలి. కానీ ఉత్తరాలకి వేరే గడి ఉంది. సట్టన్‌కి ఆ గడి నిండి పొర్లుతోంది. టాన్సీకి అక్కడ సున్నా. ఆ సున్నా ఆమెని మెట్టు మెట్టుగా కిందికి ఈడ్చుకొచ్చింది.

"మేడమ్, ఒక మాట," అంది హాలిస్ మిస్ వర్డీ వైపు తిరిగి. "టాన్సీతో మాట్లాడిన ఒక్కళ్ళు కూడా తక్కువ వెయ్యలేదు. ఉత్తరం లేదని కిందికి పోయింది. వాళ్ళ జిల్లానించి మన ఇంటికి ఇంతవరకూ ఎవరూ రాలేదు. మరి ఉత్తరం ఎవరు రాస్తారు? ఉత్తరం లేదని రానివ్వం, రానివ్వలేదు కాబట్టి ఉత్తరం ఉండదు. ఇదెక్కడి న్యాయం?"

"అది చెప్పిన కోడి కథకి నా కాఫీ ముక్కులోంచి వచ్చింది మేడమ్," అంది మేమీ. "నా ఓటు దానికే."

నేలమీంచి నవ్వులు లేచాయి. కొన్ని చేతులు కూడా లేచాయి. మిస్ వర్డీ ఒక్కతే కుర్చీలో కూర్చుంది. తెల్లటి జుట్టు, ముత్యాల పేట, ఒళ్ళో మడిచిన చేతులు. నిమ్మళంగా అంది:

"పాపం, మంచి పిల్లే తల్లీ."

హాలిస్ ప్రాణం ఉసూరుమంది. ఆవిడ నోటివెంట పాపం అనే మాట వచ్చిందంటే ఆ పిల్ల పని అయిపోయినట్టే, అది ఇంట్లో అందరికీ తెలుసు.

"కానీ వాళ్ళ మనుషులెవరో మనకి తెలీదు," అని కొనసాగించింది ఆవిడ. "ఉత్తరమంటే ఉత్తుత్తి కాగితం కాదు తల్లీ. ఫలానా పిల్లకి నేను పూచీ అని ఒక మనిషి చెప్పడం. అయినా ఒక పేరు లోపలికి రావాలంటే ఇంకో పేరు బయటికి పోవాలిగా. ఎవరిని తీద్దామంటావు?"

గదిలో అందరూ తెరమీద సట్టన్ పేరు చూసి, వెంటనే చూపు తిప్పేసుకున్నారు. ఒకతె శాండ్‌విచ్ అంచులు తుంచడం మొదలెట్టింది.

హాలిస్ నాలుక చివర ఆ మాట ఉంది. మీ మనవరాలే నన్ను తీసెయ్యమంది మేడమ్. ఆ ఒక్క మాట అంటే చాలు, గదంతా తన వైపు తిరుగుతుంది, టాన్సీ గీత పైకి వస్తుంది. మాట ఇచ్చి గట్టిగా గంట కూడా కాలేదు. హాలిస్ ల్యాప్‌టాప్ అంచు పట్టుకుని, పళ్ళ బిగువున ఆ మాట మింగింది. అప్పుడు తట్టింది ఆమెకి ఇంకో సంగతి.

"ఎవరినీ తియ్యొద్దు మేడమ్," అంది. "సరే. మరి వెయిటింగ్ లిస్టు?"

"అదేముంది, ఎప్పుడూ పెట్టేలాగే ఇంటిపేర్ల అక్షరక్రమంలో పెట్టెయ్," అంది బ్లైత్ ఆవులిస్తూ.

ప్రతి ఇల్లూ పిలుపుల జాబితాతోపాటు ఒక వెయిటింగ్ లిస్టు కూడా పంపాలి. పిలిచిన పిల్ల తనకి ఇంకా నచ్చిన ఇళ్ళు దొరికి రాకపోతే, ఆ ఖాళీ కుర్చీ వెయిటింగ్ లిస్టులో మొదటి పేరుకి వెళ్తుంది. వీధిలో మిగతా ఇళ్ళవాళ్ళు ఆ లిస్టు కోసం జుట్లు పట్టుకుంటారు. గడియారం ఇంట్లో మాత్రం దానిమీద శ్రద్ధ పెట్టడం చిన్నతనం. మనం పిలిచాక రాని పిల్ల ఉంటుందా? అందుకే ఏటేటా ఆ పేర్లని అక్షరక్రమంలో పడేసి, చేతులు దులుపుకుని భోజనానికి లేస్తారు. ఆ లెక్కన విగ్లీ అనే ఇంటిపేరు అట్టడుగున ఎక్కడో ఉంటుంది.

"అక్షరక్రమం ఎందుకు, మార్కుల వరసలో పెడతాను," అంది హాలిస్.

"ఇప్పుడా? ఒక్కో పేరూ చేత్తో జరపాలే. ఎవరికోసం ఈ చాకిరీ? ఆ వరుస ఎప్పుడైనా కదిలిందా?"

"కదలకపోతే పోనీ. సరిగ్గా ఉంటుందిగా."

"దీనికి పట్టుదల జాస్తి," అని నవ్వింది మిస్ వర్డీ. ఆ నవ్వులో దయ ఉంది, గెలిచినవాళ్ళకుండే దయ. "చేసుకోనీ బ్లైత్. దాని తృప్తి దానిది. నీకు ఓపికుంటే అలాగే కానీ తల్లీ."

అందరూ భోజనానికి లేచిపోయారు. మేమీ మాత్రం రెండు ప్లేట్లలో వేయించిన చికెనూ, బిస్కట్లనే మెత్తటి రొట్టెలూ తెచ్చి పక్కన కూర్చుంది. తను మార్కులు చదువుతుంటే హాలిస్ ఒక్కో పేరునీ పట్టుకుని లాగి, ఉండాల్సిన చోట పెట్టింది. సైటు మొండిది, పైకి లాగిన పేరు రెండుసార్లు జారి కిందికి పోయేది. కిటికీలో వెలుగు పోతోంది. "ఏమే, కదలని దానికోసం ఇంత తాపత్రయం ఏమిటి నీకు? ఏదో దాస్తున్నావు," అంది మేమీ కోడికాలు ఊపుతూ.

"చదువు."

"నన్ను కూడా నమ్మవా?"

"నమ్ముతాను. అయినా చెప్పను. చదువు."

మేమీ ఒక చూపు చూసి, మూతి ముడుచుకుని, మళ్ళీ చదివింది. ఆఖరి పేరు జరిపి హాలిస్ పంపే బటన్ నొక్కింది. జాబితా అందిందని తెరమీద ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి. వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు టాన్సీ విగ్లీ.

ఇక మిగిలింది వేరే ఇళ్ళవాళ్ళ చేతుల్లో ఉంది. సట్టన్ రాసిన రెండిళ్ళూ సట్టన్‌ని పిలవాలి. పిలుస్తాయా? మిస్ వర్డీ మనవరాలు ఎలాగూ గడియారం ఇంటికే పోతుందని వాళ్ళే వదిలేస్తే? వేరే ఇళ్ళ జాబితాలు బాగుండాలని దేవుణ్ణి వేడుకోవడం ఆ వీధిలో అదే మొదటిసారి అయ్యుంటుంది.

తెల్లారాక హాలిస్ వంటింటి బల్ల దగ్గర ల్యాప్‌టాప్ తెరిచింది, ఆ సాయంత్రం ఎవరెవరొస్తారో కౌన్సిల్ నించి జాబితా వచ్చింది. చివరి విడతకి ప్రతి అతిథికీ పేరు కార్డు రాయాలి. ఆ పని మిస్ వర్డీది, ఆవిడ దస్తూరీ అంత బాగుంటుంది. ఆవిడ అప్పటికే సిరాబుడ్డీ, దళసరి కార్డులూ ముందు పెట్టుకుని కూర్చుంది. మనవరాలి కార్డు ముందే రాసి ఆరబెట్టింది.

"చదువు తల్లీ."

హాలిస్ చదవడం మొదలెట్టింది. ఆవిడ కలం నెమ్మదిగా, గీత తప్పకుండా నడుస్తోంది. చదువుతూనే హాలిస్ కళ్ళు కిందికి పరిగెత్తాయి. సట్టన్ పేరు లేదు. మళ్ళీ పైనించి చూసింది. లేదు. అట్టడుగున, వెయిటింగ్ లిస్టునించి అని పక్కన చిన్న గుర్తుతో, ఒక్క పేరు. హాలిస్‌కి ఎగిరి గంతెయ్యాలనిపించింది, ఎదురుగా ఉన్న ముసలావిడని చూస్తే ఏడుపొచ్చింది.

"టాన్సీ విగ్లీ," అని చదివి ఆగిపోయింది.

మిస్ వర్డీ కలం ఆగింది. ఆవిడ తెలివైన మనిషి, ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. చెయ్యి చాచి ల్యాప్‌టాప్ తనవైపు తిప్పుకుంది. కళ్ళజోడు సర్దుకుని మొదటినించి చివరిదాకా చూసింది. ఆరబెట్టిన కార్డుని చూసింది.

"నీకు ముందే తెలుసు," అంది.

"తెలుసు మేడమ్."

"తనే చెప్పిందా?"

"చెప్పింది. ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకుంది."

"ఆ మాట నిన్న సాయంత్రం అందరిలో అనుంటే నీ పిల్ల అప్పుడే గెలిచేది. నేను తలెత్తుకోలేకపోయేదాన్ని."

వంటామె ఫ్రిజ్ తెరిచి మూసింది. మిస్ వర్డీ చాలాసేపు కిటికీలోంచి వీధి అవతల ఉన్న ఆకుపచ్చ తలుపు వైపు చూసింది. "నాకు చెప్పడానికి భయపడింది," అంది చివరికి. "నా చేతుల్లో పెరిగిన పిల్ల, నాకే చెప్పలేకపోయింది." కళ్ళజోడు తీసి తుడుచుకుంది, మళ్ళీ పెట్టుకుంది. మనవరాలి కార్డు తీసి సంచీలో వేసుకుంది. కొత్త కార్డు ముందుకి లాక్కుని, మిగతావాటికి ఏమాత్రం తీసిపోకుండా, టాన్సీ విగ్లీ అని రాసింది.

ఆ సాయంత్రం తెల్ల గౌన్లు, కొవ్వొత్తులు, నెమ్మదైన పాటలు. చివరి విడతలో ఒక్కో అతిథికీ ఒక్కరే ఎదురుగా కూర్చుంటారు, మోచేతులు తట్టే హడావుడి ఉండదు. టాన్సీకి ఎదురుగా హాలిస్ కూర్చుంది. ఇవాళ టాన్సీ కోళ్ళ కథలు చెప్పలేదు. వాళ్ళమ్మ పోయినప్పటినించీ ఇంట్లో ఆడమనిషి తనొక్కతేననీ, ఇంతమంది ఆడపిల్లల మధ్య కూర్చోవడం ఇదే మొదటిసారనీ చెప్పింది. "బాగుందండీ," అంది. చెప్పి, చేతిరుమాలు లేక గౌను అంచుతో ముక్కు తుడుచుకుంది. గోడ పక్కన నిలబడ్డ మిస్ వర్డీ అతిథులతో మాట్లాడకూడదు, అది నియమం. ఆవిడ మాట్లాడలేదు. తన లేసు రుమాలు తీసి హాలిస్ చేతికిచ్చి, కళ్ళతో అటు చూపించింది.

ఆఖరి జాబితా కోసం మళ్ళీ అందరూ భోజనాల గదిలో నేలమీద కూర్చున్నారు. ఈసారి వరసలో కింద పడ్డవాళ్ళకి ఇంకో అవకాశం లేదు. హాలిస్ పేర్లు తెరమీదికి తెచ్చింది. టాన్సీ మళ్ళీ అడుగునే, పక్కన అదే సున్నా. హాలిస్ ఊపిరి పీల్చుకుని, నిన్నటికన్నా గట్టిగా పోట్లాడడానికి సిద్ధపడి, నోరు తెరవబోయింది.

"ఆ ఉత్తరాల గడి తీసెయ్యి," అంది మిస్ వర్డీ.

బ్లైత్ వెనక్కి తిరిగింది. "ఎవరికి మేడమ్?"

"అందరికీ."

"అంటే, ఈ ఒక్కసారికా?"

"నేను బతికున్నన్నాళ్ళకి. ఆ తర్వాత మీ ఇష్టం. మనుషులతో మాట్లాడిన వాళ్ళు మీరు, మీ మార్కులు చాలు. ఊఁ, తియ్యి హాలిస్, టైమైపోతోంది."

హాలిస్ ఆ గడిమీద నొక్కి తీసేసింది. తెరమీద పేర్లన్నీ ఒక్క క్షణం కలిసిపోయి మళ్ళీ సర్దుకున్నాయి. టాన్సీ విగ్లీ పేరు అడుగునించి ఎగిరి, మొదటి తెరలోనే, పై వరసల్లోకి వచ్చి కూర్చుంది. గదిలో ఎవరో ఈలవేశారు. మేమీ చప్పట్లు కొట్టబోయి, మిస్ వర్డీ వైపు చూసి, ఆవిడ కూడా కొడుతోందని గమనించి, మరీ గట్టిగా కొట్టింది.

మర్నాడు మధ్యాహ్నం స్టేడియంలో, ఏ ఇల్లు తమని మాది అందో రాసున్న కవర్లు పిల్లలు తెరిచారు. అక్కణ్ణించి తమ తమ ఇళ్ళకి పరిగెత్తుకొస్తారు, అది ఆచారం. వీధికి రెండువైపులా ఇంటింటి ముందూ పాటలు, రంగు కాగితాలు, తల్లిదండ్రులు. దూరంనించి అరుపులు వినబడ్డాయి, తర్వాత మలుపు దగ్గర గుంపు కనబడింది. అందరికన్నా ముందు చెప్పులు రెండు చేతుల్లో పట్టుకుని టాన్సీ వస్తోంది. కోళ్ళ వెంట పరిగెత్తిన కాళ్ళవి, వెనకవాళ్ళకి ఇంకా చాలా దూరం ఉంది.

గుంపులో సట్టన్ కూడా ఉంది. ఆకుపచ్చ తలుపు వైపు తిరగబోతూ, ఎదురు వరండాలో అమ్మమ్మని చూసి వీధి మధ్యలో ఆగిపోయింది. మిస్ వర్డీ మెట్లు దిగింది. ఊళ్ళో ఎవరూ ఎరగరు ఆవిడ వీధి దాటి ఇంకో ఇంటి పచ్చిక మీద కాలు పెట్టడం. గబగబా దాటి వెళ్ళి మనవరాలిని కావలించుకుంది. "నాకు చెప్తే కొరికేస్తానా ఏమిటే, పిచ్చిమొహమా," అంటూ చెయ్యి పట్టుకుని తనే ఆకుపచ్చ తలుపు దాకా నడిపించుకెళ్ళింది. ఆ ఇంటి పిల్లలు పాట ఆపేసి నోళ్ళు తెరుచుకుని చూశారు, తర్వాత రెట్టింపు గొంతుతో ఎత్తుకున్నారు.

టాన్సీ ఒక్క దూకున వరండా ఎక్కి హాలిస్ మీద పడింది. ఇద్దరూ తూలి స్తంభానికి కొట్టుకున్నారు. మేమీ వచ్చి ఇద్దరినీ కలిపి వాటేసుకుంది. చెమట, రంగు కాగితాలు, ఏడుపు, నవ్వు అన్నీ కలిసిపోయాయి. ఏ పిల్లకీ తన పేరు జాబితాలో ఎక్కడుందో, ఎలా వచ్చిందో చెప్పకూడదు. అది ఇంట్లో ఎవరూ దాటని నియమం, హాలిస్ కూడా దాటదు.

"మీకో సంగతి చెప్పనా," అంది టాన్సీ రొప్పుతూ. "మిగతా ఇళ్ళన్నీ వదిలేసినా నేను దిగులే పడలేదండీ. మీరు పిలుస్తారని నాకు మొదట్నించీ తెలుసు. ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు."

మేమీ పకాలున నవ్వి, నోరు మూసుకుంది. హాలిస్ ఆ పిల్ల జుట్టులో ఇరుక్కున్న కాగితం ముక్క తీసింది.

"మాకూ అంతే," అంది. "లోపలికి రా, అందరూ నీకోసమే చూస్తున్నారు."